హిమోగ్లోబిన్ కదలకపోతే ఇంజెక్షన్ డోసు పెంచడం మేలా, ఐరన్ ఎక్కించడం మేలా?

డయాలసిస్ వాళ్ళు నన్ను వారానికి రెండుసార్లయినా అడిగేది ఇదే. "సార్, ఎరిత్రోపాయిటిన్ వేయిస్తూనే ఉన్నాం, హిమోగ్లోబిన్ 8 దాటట్లేదు. డోసు పెంచుదామా, ఐరన్ ఎక్కిద్దామా?" ఎరిత్రోపాయిటిన్ అంటే ఎర్రకణాలు తయారుచేయమని ఎముక మజ్జకి చెప్పే హార్మోన్, వాళ్ళకి ఇంజెక్షన్‌గా ఇస్తాం.

మొన్న ఒకాయన రిపోర్టు తెచ్చారు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 900, రక్తంలో వాడకానికి అందుతున్న ఐరన్ చెప్పే శాచురేషన్ 14 శాతమే. గాదె నిండా ధాన్యం ఉంది, తలుపుకి గడియ పడింది. ఆ గడియ హెప్సిడిన్ అనే కాలేయపు హార్మోన్. సూక్ష్మజీవులకీ ఐరన్ కావాలి కదా, అందుకే ఇన్‌ఫెక్షన్ రాగానే ఒళ్ళే దాన్ని దాచేస్తుంది. ఇన్‌ఫెక్షన్ కబురు మోసే ఐఎల్-6 కాలేయ కణాల మీది రిసెప్టర్‌ని తాకగానే, ఆ కబురు లోపలికి అందించే జాక్ ఎంజైములు, స్టాట్3 ప్రోటీన్ కదిలి హెప్సిడిన్ తయారవుతుంది. పాత ఎర్రకణాల నుంచి మ్యాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవుల్నీ, పాత కణాల్నీ మింగే రక్షక కణాలు) రోజూ తిరిగిచ్చే 20-25 మిల్లీగ్రాముల ఐరన్ లోపలే చిక్కుకుపోతుంది. తిండి నుంచి ఒంటబట్టేది 1-2 మిల్లీగ్రాములే.

ఇప్పుడు డోసు పెంచామనుకోండి. ఎరిత్రోపాయిటిన్ రిసెప్టర్ కూడా జాక్2 మీదే పనిచేస్తుంది, కాకపోతే ఇక్కడ కదిలేది స్టాట్5. మజ్జలో లేత కణాలు బతుకుతాయి, హెప్సిడిన్ తగ్గించమని ఎరిత్రోఫెరాన్ అనే హార్మోన్‌తో కబురు కూడా పెడతాయి. ఇన్‌ఫెక్షన్ గట్టిగా ఉంటే ఆ కబురు పెద్దగా చెల్లదు. పైగా మ్యాక్రోఫేజ్‌ల మీదా ఇదే రిసెప్టర్ ఉంది. 2011లో సాల్మొనెల్లా సోకిన ఎలుకలకి ఎరిత్రోపాయిటిన్ ఇస్తే మ్యాక్రోఫేజ్‌ల పోరు మందగించి జబ్బు ముదిరింది. ఎలుకల సంగతి పక్కన పెట్టినా, కిడ్నీ జబ్బు, షుగరు రెండూ ఉన్నవాళ్ళలో హిమోగ్లోబిన్‌ని 13కి లాగబోతే పక్షవాతం ముప్పు పెరిగిందని 2009లో ట్రీట్ అనే ట్రయల్ తేల్చింది.

నా మొగ్గు ఐరన్ వైపే. బ్రిటన్‌లో 2,141 మంది డయాలసిస్ రోగులతో జరిగిన పివటల్ అనే ట్రయల్‌లో నెలనెలా 400 మిల్లీగ్రాములు ముందుగానే ఎక్కిస్తే ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, ఎరిత్రోపాయిటిన్ తక్కువే సరిపోయింది. కానీ వాళ్ళు ఫెరిటిన్ 700 దాటితే ఆపేశారు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉండగా ఐరన్ ఎక్కించడం నేనైతే ఒప్పుకోను.

రక్తం ఎక్కించడమా? కిడ్నీ మార్పిడికి ఎదురుచూసేవాళ్ళకి, కొత్త కిడ్నీని తిప్పికొట్టే యాంటీబాడీల తలనొప్పి, అత్యవసరమైతే తప్ప వద్దు. ఒంట్లోనే ఎరిత్రోపాయిటిన్ తయారీని పెంచే డెసిడుస్టాట్ లాంటి మాత్రలు సూది వద్దనుకునేవాళ్ళకి పనికొస్తాయి.

కాబట్టి నేను ముందు అడిగేది సీఆర్‌పీ, అంటే ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే ప్రోటీన్ పరీక్ష. ఆ రిపోర్టు తెచ్చినాయనకి 64 వచ్చింది, ఎక్కువే. జ్వరం లేదు, చలి లేదు. మెడ దగ్గర కాథెటర్ (డయాలసిస్ గొట్టం) మీది గాజుగుడ్డ తీసి చూస్తే శనగగింజంత పసుపు మరక. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకి పంపి, కాథెటర్ మార్పించి, యాంటీబయాటిక్ పూర్తిచేయించాం. ఇంజెక్షన్ పాత డోసే. ఆరు వారాలకి ఫెరిటిన్ 520, శాచురేషన్ 23, హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ ఆ తర్వాతే మొదలుపెట్టాం.