సింహం ఫోటోలకు ఏది మేలు: గిర్ అడవా, మసాయి మారానా?

మా స్టూడియోలో బిల్లులు రాసే బల్ల వెనుక గోడకు రెండు సింహాల ఫోటోలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి గుజరాత్‌లోని గిర్ అడవిలో తీసింది, రెండోది కెన్యాలోని మసాయి మారాలో తీసింది. పెళ్లి ఆల్బమ్ చూసుకోవడానికి వచ్చినవారు, తిరుమలలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే తోటివాళ్లు వాటి ముందు ఆగి ఒకే మాట అడుగుతున్నారు: “ఒక్కసారే వెళ్లగలిగితే ఎక్కడికి వెళ్లాలన్నా?” నేను డిసెంబరులో గిర్‌కూ, ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో మారాకూ వెళ్లివచ్చాను. రెండింటి ఫోటోలనూ నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని సరిచేసుకున్నాను. నా జవాబు అక్కడే, ఎడిటింగ్ బల్ల దగ్గరే తేలింది.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను, దాని మీద వాదన అక్కర్లేదు. గిర్ చాలా చౌక. రైల్లో జునాగఢ్‌కో, వేరావళ్‌కో చేరుకుంటే అక్కడి నుంచి సఫారీలు బయలుదేరే ఊరు సాసన్ గిర్ గంటా గంటన్నర దూరం. వేరావళ్‌ను ఆనుకునే సోమనాథ్ ఉంది కాబట్టి, మన వైపు నుంచి సోమనాథ్, ద్వారక యాత్రకు వెళ్లేవాళ్లు మరో రెండు రోజులు కలుపుకుంటే చాలు. సఫారీ పర్మిట్ జిప్సీకి (పైకప్పు లేని సఫారీ జీపుకు) ఇంతని ఉంటుంది, ఆరుగురు పంచుకోవచ్చు. మారాలో అయితే పార్కులో అడుగుపెట్టడానికే విదేశీయులు మనిషికి రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు కట్టాలి. విమానం, బండి, బస అన్నీ దానికి అదనం. 2024 నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్ అనుమతి సరిపోతుంది. ఎల్లో ఫీవర్ టీకాను మాత్రం ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. నేను చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను. ఆ టీకా పత్రం లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనే ఆపేస్తారు.

ఇక సింహాలు. గిర్ మగసింహానికి జూలు పలుచన, చెవులు బయటికి కనిపిస్తాయి, పొట్ట కింద పొడవునా ఒక చర్మపు మడత వేలాడుతుంది. మారా మగసింహానికి జూలు దట్టం, కొన్నిటికి దాదాపు నలుపు. చూడగానే “అబ్బ” అనిపించేది మారా సింహమే, అందులో సందేహం లేదు. గిర్ ప్రాంతపు సింహాల సంఖ్య 2020 లెక్కల్లో 674 ఉండగా 2025 నాటికి 891 అయింది. ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న జాతి ఇది. ప్రపంచంలో మరెక్కడా అడవిలో కనిపించని ఆసియా సింహాన్ని మన దేశంలోనే కళ్లారా చూడడం నాకు చిన్న విషయం కాదు.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది జూలూ కాదు, ఖర్చూ కాదు. ప్రతి చోటా ఫోటోలో ఏదో ఒక లోపం వస్తుంది. ఏ చోట వచ్చే లోపాన్ని తర్వాత ఎడిటింగ్‌లో సరిచేసుకోగలం, ఏ చోట వచ్చేదాన్ని ఎన్నటికీ సరిచేసుకోలేం? కొత్తగా వెళ్లేవాళ్లు ఆలోచించాల్సింది దీని గురించే.

మారాలో మొదటి రోజు నేను చేసిన పొరపాటు చెబుతాను. అక్కడి ల్యాండ్ క్రూయిజర్లకు పైకప్పు తెరుచుకుంటుంది. లేచి నిలబడితే చుట్టూ పచ్చికమైదానమంతా కనిపిస్తుంది. అలా నిలబడి, ఎనిమిది మీటర్ల దూరంలో పడుకున్న ఆడసింహాన్ని తనివితీరా తీశాను. రాత్రి బసలో ల్యాప్‌టాప్ తెరిస్తే మూడు వందల ఫోటోల్లోనూ సింహం నెత్తి, వీపు, దాని కింద గడ్డి ఉన్నాయి. కన్ను మాత్రం కనుబొమ్మ ఎముక నీడలో మునిగిపోయింది. నా కెమెరా నేలకు రెండు మీటర్ల పైన ఉంది, సింహం కన్ను అరమీటరు ఎత్తులో ఉంది. అంత దగ్గర నుంచి తీస్తే ఫోటో దాదాపు పదకొండు డిగ్రీల వాలులో పైనుంచి కిందికి చూస్తున్నట్టు వస్తుంది. అడవిరాజు పెరట్లో పడుకున్న పెంపుడు కుక్కలా కనిపించాడు. వెలుతురు తక్కువైతే పెంచుకోవచ్చు, రంగు తేడా వస్తే మార్చుకోవచ్చు. ఎత్తును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కిందికి దించలేదు.

దీనికి మందు దూరం. అదే సింహాన్ని నలభై మీటర్ల నుంచి తీస్తే వాలు రెండు, మూడు డిగ్రీలకు తగ్గి, దాదాపు కంటికి ఎదురుగా చూసినట్టు ఉంటుంది. మారాలో చెట్లు తక్కువ కాబట్టి దూరం దొరకడం కష్టం కాదు. కానీ ఎండ ఎక్కేసరికి నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. వేసవిలో రేణిగుంట రోడ్డు మీద దూరంగా నీళ్లున్నట్టు మెరుస్తుందే, అదే ఇది. పొడవాటి లెన్సుతో నలభై, యాభై మీటర్ల అవతలి సింహాన్ని ఆ గాలిలోంచి తీస్తే మీసాలు, కంటి రెప్పల అంచులు మైనంలా కరిగిపోతాయి. షార్ప్‌నెస్ పెంచితే ఆ కరిగిన గీతలే ఇంకా ముదురుతాయి తప్ప పోయిన వివరం తిరిగి రాదు. కాబట్టి మారాలో దూరం నుంచి తీసే మంచి ఫోటోలకు ఉదయం రెండు మూడు గంటలు, సాయంత్రం గంటన్నర మాత్రమే మిగులుతాయి. మిగతా సమయంలో పైకప్పు వదిలేసి కూర్చుని, కిటికీ అంచున కెమెరా ఆనించడానికి బియ్యం సంచి పెట్టి తీయడమే మార్గం.

ఇప్పుడు గిర్‌కు వద్దాం. జిప్సీ చిన్న బండి. అందరూ వెనక వరుస కోసం పోటీ పడతారు, అక్కడ ఎత్తు ఎక్కువని. నేను మధ్య వరుస అడిగి తీసుకుంటాను. అక్కడ ఒదిగి కూర్చుని కెమెరాను పక్క కమ్మీ మీద ఆనిస్తే, మారా బండి పైకప్పులోంచి చూసిన ఎత్తులో మూడో వంతైనా తగ్గుతుంది. పైగా గిర్ సింహాలు మనుషుల అలికిడికి అలవాటుపడినవి. బండి దారిలోనే నింపాదిగా నడుచుకుంటూ ఎదురొస్తాయి. దారి పక్క గట్టు మీద పడుకుంటే, మనమే కింది నుంచి పైకి చూడాల్సి వస్తుంది. నా గోడ మీది ఫోటో అలాంటిదే.

గిర్‌లో వచ్చే లోపాలు వేరు. టేకు అడవి కాబట్టి ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. ముఖం మీద ఒక చోట తెల్లటి మరక, దాని పక్కనే చీకటి. ఎండిన టేకు ఆకు రంగూ సింహం రంగూ ఒకటే కావడంతో బొమ్మ నేపథ్యంలో కలిసిపోతుంది. ఉదయం బాగా చీకటి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 దాకా వెళ్లాల్సి వస్తుంది, దాంతో ఫోటోలో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుంది. ఈ మూడూ సరిచేసుకోగలిగినవే. ఒకే ఒక్క షరతు, రా ఫైలుగా తీయాలి, అంటే కెమెరా పట్టిన వివరమంతా కుదించకుండా ఉంచే ఫైలుగా. కెమెరాయే కుదించేసే జేపెగ్‌లో తీసుకుని బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

గోడ మీది గిర్ ఫోటోను ఎలా సరిచేశానో చెబుతాను. ఆడసింహం. ఎడమ కన్ను మీద రూపాయి బిళ్లంత ఎండ పడింది, కుడి కన్ను నీడలో ఉంది. తీసేటప్పుడే ఆ ఎండ బిళ్ల తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) తగ్గించుకున్నాను. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ముందుగా నాయిస్ తీసేశాను. తర్వాత నీడలో ఉన్న కన్నుకు మాస్క్ గీసి, అంటే ఆ ఒక్క భాగాన్నే ఎంచుకుని, కొద్దిగా మాత్రమే వెలుగు పెంచాను, నీడ నీడగానే ఉండాలి కాబట్టి. వెనక ఆకుల్లో పసుపు రంగు సాంద్రత తగ్గించాను. సింహాన్ని ముట్టుకోలేదు. అది చాలు, తేనె రంగు కళ్లు రెండూ ముందుకు వచ్చేశాయి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. సింహం రంగును పెంచుకుంటూ పోతారు, చివరికి పసుపు నీళ్లు పోసినట్టు తయారవుతుంది. ముఖం మీద క్లారిటీ (అంచులను గట్టిగా చూపించే మీట) లాగితే జూలు ఇనుప తీగల్లా కనిపిస్తుంది. సింహం మెత్తటి జంతువు, ఆ మెత్తదనం ఫోటోలో మిగలాలి.

ముఖానికి అడ్డంగా పడిన కొమ్మ ఒక్కటీ గిర్‌లో తీర్చలేని లోపం. ఇప్పుడు కొమ్మను చెరిపేసి, వెనక ఉండాల్సిన ముఖాన్ని సాఫ్ట్‌వేరే ఊహించి గీసే సదుపాయం వచ్చింది. నేను వాడను. అలా గీసిన ముఖం ఆ సింహానిది కాదు. కొన్నిటి మెడకు పరిశోధన కోసం వేసిన రేడియో కాలర్ ఉంటుంది, దాన్నీ చెరపను. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ తీసేయడం వేరు, ఇది వేరు.

మారాకు న్యాయం చేయాలంటే సమయం గురించి చెప్పాలి. గిర్‌లో ఒక సఫారీ మూడు గంటలే. ఏ దారిలో వెళ్లాలో ముందే కేటాయిస్తారు, సింహం దగ్గర ఎక్కువసేపు ఆగనివ్వరు. వెనక బండ్లు ఎదురుచూస్తుంటాయి. మారాలో పొద్దున భోజనం కట్టుకుని బయలుదేరితే సాయంత్రం దాకా ఒకే గుంపు దగ్గర ఉండిపోవచ్చు. పిల్లలు తల్లి తోకతో ఆడుకోవడం, మగసింహం లేచి వచ్చి గుంపులో కలవడం అక్కడ చూశాను. గిర్‌లో మగవి సాధారణంగా ఆడవాటితో కలిసి ఉండవు, జత కట్టేటప్పుడో పెద్ద వేట పడ్డప్పుడో చేరతాయి. కుటుంబమంతా ఒకే ఫోటోలో కావాలంటే, వేట చూడాలంటే, డబ్బు కూడబెట్టి జూలై నుంచి అక్టోబరు లోపు మారాకే వెళ్లండి. ఒక సింహాన్ని ముఖాముఖి చూసిన ఫోటో కావాలంటే మాత్రం నేను గిర్ అంటాను. మారాకయ్యే డబ్బుతో గిర్‌కు మూడు నాలుగు సార్లు వెళ్లవచ్చు, మొదటిసారి చేసిన తప్పు రెండోసారి దిద్దుకోవచ్చు.

లెన్సు గురించి రెండే మాటలు. పెళ్లిళ్లకు వాడే 70–200 మిల్లీమీటర్ల లెన్సుతో గిర్‌లో పని జరుగుతుంది. మారాకు 400 మిల్లీమీటర్ల కంటే తక్కువతో వెళ్లకండి, కొనే స్థోమత లేకపోతే అద్దెకు తీసుకోండి.

దక్షిణాఫ్రికా ప్రైవేటు అడవులు బాగుంటాయి, ధర మారా కంటే తక్కువేమీ కాదు. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ పార్కులోని సింహాలు అడవివి కావు కానీ, సాధనకు అంతకు మించిన చోటు లేదు. నీడలో పడుకున్న సింహం కంటి మీద ఫోకస్ నిలపడం నేను అక్కడే నేర్చుకున్నాను.

గిర్ జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు మూసి ఉంటుంది. పర్మిట్లు అటవీ శాఖ వెబ్‌సైటులోనే, దీపావళి సెలవుల తేదీలు త్వరగా అయిపోతాయి. రంగు కోసమైతే నవంబరు మంచిది, ఆకు ఇంకా పచ్చగా ఉండి సింహం విడిగా కనిపిస్తుంది. తప్పకుండా కనిపించాలనుకుంటే ఏప్రిల్, ఆకు రాలిపోయి సింహాలు నీటి గుంటల దగ్గరే ఉంటాయి, ఎండ మాత్రం మాడ్చేస్తుంది. వెళ్లే ముందు పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, రెండు వైపులా కుట్టించి, ఒక వైపు జిప్పు పెట్టించుకోండి. ఖాళీగా తీసుకెళ్లి సాసన్‌లో రెండు కిలోల బియ్యం కొని నింపితే కమ్మీ మీద కెమెరా కదలకుండా కూర్చుంటుంది.