“ఫైవ్ స్టార్ హోటల్ లుక్” ప్యాకేజీకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నారా? ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో నార్సింగి, కోకాపేట వైపు కొత్త ఫ్లాట్ల తాళాలు అందుకుంటున్న వాళ్లకోసం ఇది రాస్తున్నాను. “మీ మాస్టర్ బెడ్‌రూమ్‌ని స్టార్ హోటల్ సూట్‌లా చేసిస్తాం సార్” అని ఎవరైనా అంటే సంతకం పెట్టేముందు ఒక్క రోజు ఆగండి. మా ఇంట్లో అదే ఇంటీరియర్ ప్యాకేజీ చేయించాం, 18 లక్షలు, జీఎస్టీ అదనం. మొదటి వానాకాలం దాటకుండానే వార్డ్‌రోబ్ తలుపులు మూసుకోవడం మానేశాయి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాం కాబట్టి కంపెనీ పేరు రాయను. అయినా ఇదే తీరుగా అమ్మేవాళ్లు ఆ ఒక్కరే కాదు.

వాళ్లు మనకి ముందుగా చూపించేది 3డీ బొమ్మ. అందులో అమ్ముడుపోయేది చెక్కా కాదు, రాయీ కాదు, లైటింగ్. సీలింగ్ అంచుల్లోంచి లేత పసుపుగా జారే వెలుగు, మంచం వెనక మెరిసే ఒనిక్స్ (వెలుగు లోపల్నుంచి కనబడే రాయి) గోడ, పక్కన బంగారు రంగు జాలీ, అంటే చిల్లుల డిజైన్ తెర. జాలీ గురించి చెప్పేటప్పుడు సోమాజిగూడ ద పార్క్ హోటల్ ఫోటో చూపించారు. 2010లో తెరిచిన ఆ హోటల్ బయటి గోడకి నిజాం నగల పనితనం స్ఫూర్తితో చేసిన చిల్లుల లోహపు తెర ఉంటుంది, నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. మాకు బిగించింది మాత్రం మెషీన్ మీద కోసిన ఎండీఎఫ్ (చెక్క పొట్టు నొక్కి చేసే) బోర్డు, పైన గోల్డ్ స్ప్రే. వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలితే పెచ్చు లేచింది, లోపల గోధుమ రంగు పొట్టు. కొటేషన్‌లో ఏముందో తీసి చూస్తే, “మెటల్ ఫినిష్ జాలీ”. ఫినిష్ అన్న ఒక్క మాట చేర్చి మెటల్‌ని మాయం చేశారన్నమాట.

ఒనిక్స్ గోడది ఇంకో కథ. హోటళ్లలో వెనక నుంచి వెలిగే రాయి పెట్టాలంటే గోడకీ రాయికీ మధ్య తగినంత లోతు వదులుతారు, కాంతి సమంగా పరుచుకోవడానికి డిఫ్యూజర్ షీటు వేస్తారు. మా గదిలో గోడకి ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు అంటించి, అంగుళం కూడా వదలకుండా ప్రింటెడ్ అక్రిలిక్ షీటు బిగించారు. స్విచ్ వేస్తే వరసల వరసలుగా చుక్కలు కనబడతాయి. మా అత్తయ్య మొదటిసారి చూసి “ఇదేంటమ్మా, పెళ్లి పందిరి సీరియల్ సెట్టా?” అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

సీలింగ్ లైట్ల డ్రైవర్లు (ఎల్‌ఈడీలకి కరెంటు అందించే పెట్టెలు) జిప్సమ్ బోర్డు పైన పెట్టి మూసేశారు. ఒకటి పోతే మార్చాలంటే సీలింగ్ కొయ్యాలి. హోటల్లో అయితే చేయి పట్టేంత తలుపు వదులుతారు, కింద మెయింటెనెన్స్ వాళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. రోజూ తుడిచే హౌస్‌కీపింగ్, ఏసీ ఆగని గదులు, కొన్నేళ్లకోసారి గుడ్డలూ కార్పెట్లూ మార్చే బడ్జెట్ కూడా ఆ అందంలో భాగమే. ఫ్యాబ్రిక్ హెడ్‌బోర్డు, సన్న గాళ్ల ఫ్లూటెడ్ ప్యానెళ్లు చిన్నపిల్లలున్న ఇంట్లో ఎలా ఉంటాయో సేల్స్‌వాళ్లు చెప్పరు. ఆ గాళ్లలో దుమ్ము తియ్యడానికి మా పనిమనిషి పాత టూత్‌బ్రష్ వాడుతోంది.

అసలు దెబ్బ వార్డ్‌రోబ్ దగ్గర. బాత్రూమ్ గోడకి ఆనించి కట్టారు. చెప్పింది మెరైన్ ప్లై, అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్, దాని ప్రమాణం నంబర్ ఐఎస్ 710. వేసింది ఏమిటో హింజ్ ఊడినప్పుడు తెలిసింది: స్క్రూ రంధ్రంలో పొరలు లేవు, వేలితో గీకితే రాలే పొడి. ప్లై అయితే కోసిన అంచులో అడ్డం, నిలువు పొరలు స్పష్టంగా కనబడతాయి. ఎడ్జ్ బ్యాండింగ్ (అంచు మీద అంటించే పట్టీ) వేసేశాక మనం చూడలేం, అందుకే ఫ్యాక్టరీకి వెళ్లి కోసేటప్పుడే చూడండి. షీటు మీద ఐఎస్ఐ ముద్ర కింద లైసెన్స్ నంబర్ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, దేనికిచ్చారో తెలిసిపోతుంది. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు ప్లై, మెరైన్ కాదు. పొడి గదుల్లో దానికీ పని ఉంది, కానీ 710 ధర తీసుకుని అది వెయ్యకూడదు కదా.

డబ్బు కట్టించుకునే పద్ధతి చూడండి. బుకింగ్‌కి 10 శాతం, తయారీకి ముందు 50, సరుకు ఫ్యాక్టరీ గేటు దాటకముందే మిగతా 40. అంటే ఒక్క మేకు దిగకముందే మొత్తం వాళ్ల చేతిలో. ఆ తర్వాత సైట్ సూపర్‌వైజర్ మారాడు, డిజైనర్ “రిజైన్ చేశారు మేడమ్”, ఫోన్ ఎత్తేది కాల్ సెంటర్. కనీసం 10-15 శాతం బిగింపు పూర్తయి, లోపాలన్నీ సరిచేశాకే ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి, హైదరాబాద్‌లో ఇంటీరియర్స్ వాళ్లకి కొదవ లేదు. కొటేషన్‌లో “ఆర్ ఈక్వివలెంట్” (లేదా దానికి సమానమైనది) అన్న ముక్క ఎక్కడున్నా కొట్టించి బ్రాండ్, గ్రేడ్, మందం రాయించండి. లైట్లకి కెల్విన్ (వెలుగు రంగు చెప్పే కొలత) కూడా రాయించండి. హోటల్లోలా లేత పసుపు వెలుగు కావాలంటే 2700 నుంచి 3000. మాకు సగం స్ట్రిప్‌లు ట్యూబ్‌లైట్ తెలుపులో వచ్చాయి. ఫాల్స్ సీలింగ్ కింద నేల నుంచి ఎంత ఎత్తు మిగులుతుందో కొలతతో డ్రాయింగ్ అడగండి, 3డీ బొమ్మలో గది ఎప్పుడూ ఓ అడుగు ఎత్తుగానే ఉంటుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. చెల్లించింది 50 లక్షల లోపైతే అక్కడే వేసుకోవచ్చు. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 నుంచి 20 లక్షల మధ్య 400 రూపాయలు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెయ్యాలి. బిల్లు, కొటేషన్, వాట్సాప్ చాట్‌లు, ఫోటోలు దాచుకోండి. “బిల్లు లేకపోతే జీఎస్టీ తగ్గిస్తాం” అన్న ఆఫర్‌కి లొంగితే అక్కడ చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

మా కేసులో నోటీసు అందాక ఆ కంపెనీ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. ఉబ్బిన తలుపుల మీద కొత్త లామినేట్ వేసిస్తారట, కేసు వెనక్కి తీసుకోవాలట. తలుపులు కాదు, లోపలి డబ్బా మొత్తం 710లో మార్చి, ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసివ్వమన్నాం. మేనేజర్‌తో మాట్లాడి చెప్తామన్నారు.