ఫొటో చాలా, షీటు కావాలా? సీమ మొక్కల రికార్డుకు ఏది మేలు

వానలు పడి గడ్డి కంకి వేసే కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. ఫోన్‌లో ఫొటో తీసి, మొక్కలు, జంతువుల ఫొటోలను పేరు, చోటుతో నమోదు చేసే ఐనాచురలిస్ట్ ఆప్‌లో పెడితే సరిపోదా, ఇంకా పాత పేపర్ల మధ్య మొక్కను నొక్కి ఎండబెట్టి, అట్ట కాగితానికి అతికించి లేబుల్ రాసే షీటు పని ఎందుకు? అడిగేది బోటనీ పిల్లలు, బడి టీచర్లు, తమ మండలం మొక్కల జాబితా రాద్దామని పూనుకున్నవాళ్ళు. ఏ మొక్క అని అడక్కుండా దీనికి జవాబు లేదు. అయినా ఒక్కటే చెప్పమంటే కర్నూలు, అనంతపురం మెట్టలకు షీటు వైపే నా మొగ్గు. కడప కొండల్లోకి వెళ్తే మాత్రం ఆ మొగ్గు కొంత తగ్గుతుంది.

తేల్చేది నా లెక్కలో ఒక్క విషయమే. ఇవాళ మనం పెట్టిన పేరు తప్పని ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా అంటే, తేల్చుకోడానికి వాళ్ళ చేతికి ఏం దొరుకుతుంది? గుత్తి సాలీడు సంగతి చూడండి. గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నీలి సాలీడును చూసి 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మళ్ళీ అది కనబడింది 2001లో, అదీ గుత్తిలో కాదు, అక్కడికి వంద కిలోమీటర్ల దూరాన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. నూరేళ్ళ తర్వాత కూడా అది ఇదేనని పోల్చుకోగలిగారంటే పాత నమూనా, దాన్ని చూసి రాసిన వర్ణన ఉండబట్టే. గుత్తి అన్న ఊరి పేరు మాత్రం అది బతికే చోటు చెప్పలేకపోయింది. నమూనా బలం ఎంతో, చోటు రాయడంలో ఎంత జాగ్రత్త కావాలో రెండూ ఈ ఒక్క సాలీడు చెబుతుంది.

ఇక గడ్డి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం లాంటి గడ్డి బయళ్ళలో మొక్కల జాబితా అంటే ముప్పాతిక వంతు పని గడ్డితోనే, ఫొటో చేతులెత్తేసేదీ గడ్డి దగ్గరే. అరిస్టిడా అనే గడ్డి రకాల గుంపును తీసుకోండి. పొరకలకు కోసే అరిస్టిడా సెటేసియాను పొడుగును బట్టి దూరం నుంచే పోల్చవచ్చు. కానీ దాని పక్కనే జానెడెత్తున పెరిగే అడ్సెన్షియోనిస్, ఫ్యునిక్యులేటా, హిస్ట్రిక్స్‌లను విడదీయాలంటే గింజకున్న మూడు తోకల కింద మెలితిరిగిన కాడ ఉందో లేదో, గింజను కప్పిన రెండు పొట్టుల్లో ఏది పొడుగో కొలవాలి. పది రెట్ల లెన్స్, సూది, ఓపిక ఉంటేనే అయ్యే పని. ఫోన్ మ్యాక్రోలో కంకి అందంగా పడుతుంది గానీ పొట్టు లోపల ఏముందో పడదు. తుంగలదీ ఇదే కథ, గింజ ఆకారం చూడందే సైపరస్ జాతి తేలదు. వీటికి ఆప్ సూచించే పేరు ఎక్కువగా ఫొటోలున్న జాతి వైపే ఒరుగుతుంది. ఇద్దరు ఆ సూచననే నొక్కి ఒప్పేసుకుంటే రికార్డు 'రిసెర్చ్ గ్రేడ్', అంటే పరిశోధనకు పనికొచ్చేదన్న ముద్ర వేసుకుని కూర్చుంటుంది. అదే షీటైతే గింజ అక్కడే ఉంటుంది, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

గడ్డిని వేరుతో సహా తవ్వాలి. ఏడాది గడ్డా, ఏళ్ళ తరబడి నిలిచేదా అన్నది మొదలు చూస్తేనే తెలుస్తుంది. పైన కోసుకొచ్చిన కంకి సగం రికార్డే. మన్ను దులిపి, షీటు కొలత 42 × 28 సెంటీమీటర్లకు పట్టేలా పొడుగు గడ్డిని వి లాగానో ఎన్ లాగానో మడవాలి. మడిచిన చోట విచ్చుకోకుండా చీలిక పెట్టిన కాగితం ముక్క తొడగాలి. పాత న్యూస్ పేపరే వాడండి. ఆదివారం సంచికలో వచ్చే నున్నటి కాగితం తడి పీల్చదు. మొదటి పేపరు 24 గంటల్లోపే మార్చాలి. ఆకులు ఇంకా వంగే స్థితిలో ఉంటాయి కాబట్టి సర్దుకోవాల్సింది, ఒకటి రెండు ఆకుల అడుగు వైపు పైకి తిప్పాల్సింది అప్పుడే. ఆ తర్వాత వారం పాటు రోజుకొకసారి మారిస్తే చాలు. మన ఎండలకు త్వరగా ఎండుతుంది కదా అని ప్రెస్సు (పేపర్ల మధ్య మొక్కలను నొక్కి పట్టే చట్రం) తాడు వదులుగా కట్టి మిద్దె మీద పెడితే ఆకులు ముడుచుకుపోయి పెళుసెక్కుతాయి. ముసురు రోజుల్లో పేపరు మార్చడం ఒక్క రోజు మానినా బూజు పట్టి ఆకు నల్లబడుతుంది.

పురుగు మందుగా మెర్క్యురిక్ క్లోరైడ్ వాడే పాత పద్ధతి ఇళ్ళలో వద్దు, అది విషం. బాగా ఎండిన షీట్లను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి డీప్ ఫ్రీజర్‌లో వారం, పది రోజులు ఉంచితే పురుగు చస్తుంది. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు. విప్పితే చెమ్మ నేరుగా షీటు మీద పడుతుంది.

కొన్ని చెట్లకు షీటు రెండు విడతల పని. కొండగోగు మాఘ ఫాల్గుణాల్లో ఒక్క ఆకు లేకుండా పసుపు పూలతో నిలబడుతుంది. పూలు అప్పుడు, ఆకులు వానలొచ్చాక, అదే చెట్టు నుంచి తీసుకోవాలి. అందుకే చెట్టుకు అల్యూమినియం బిళ్ళ కట్టి నంబరు వేయండి.

ఇప్పుడు ఫొటో వైపు. కుందేటి కొమ్ముల్లాంటి కండగల మొక్కలు ప్రెస్సులో చావవు. వారాల తరబడి పచ్చిగానే ఉండి, లోపలే చిగురేసి, చివరికి కుళ్ళుతాయి. మరిగే నీళ్ళలో కాసేపు ముంచి, నిలువునా కోసి నొక్కవచ్చు గానీ పువ్వు రంగు, మచ్చలు పోతాయి. వీటికి ఫొటోనే మేలు. దుంప మీద బతికే సెరోపీజియా, బ్రాకీస్టెల్మాలను పీకితే మొక్కే పోతుంది. ఒక్క పువ్వును నిలువుగా చీల్చి లోపలి భాగం స్కేలు పక్కన పెట్టి ఫొటో తీస్తే చాలు. శేషాచలం, పాలకొండల సైకస్ బెడ్డోమీకి చట్టపు రక్షణ ఉంది, దాని మీద చెయ్యి వేయొద్దు. అభయారణ్యంలో అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా గడ్డిపోచ కూడా తెంపకూడదు. రోళ్ళపాడుకూ లంకమలకూ ఇదే వర్తిస్తుంది. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా కెమెరానే దిక్కు.

ఫొటో అంటే ఒకటి కాదు. మొక్క మొత్తం, ఆకు పైవైపు, అడుగు వైపు, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, కాయ, కాండం బెరడు, అన్నీ స్కేలుతో. ఎర్రచందనం లాంటి వాటికి చోటు దాచే సెట్టింగ్ మీరే పెట్టండి. ఐనాచురలిస్ట్‌లో అలా దాస్తే సుమారు ఇరవై కిలోమీటర్ల పెట్టెలో ఎక్కడో ఒక చుక్క మాత్రమే బయటికి కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలో చోటు, తేదీ వివరాలు ఉండవు, దాన్ని రికార్డు అనుకోకండి. ఒరిజినల్ ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోండి.

చోటు విషయంలో ఫొటోదే పైచేయి, ఫోన్ జీపీఎస్ పుణ్యాన. లోతు లోయల్లో కాస్త ఆగి, మ్యాప్‌లో మీ చుక్క చుట్టూ కనిపించే కచ్చితత్వపు వలయం చిన్నదయ్యాక తీయాలి. షీటు లేబుల్ మీద ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ తప్పనిసరి. కొత్తపల్లి అని రాస్తే ఏ కొత్తపల్లి అనుకోవాలి? జిల్లా పేరు ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కర్నూలు జిల్లా రోళ్ళపాడు నంద్యాలకు, అనంతపురం జిల్లా కదిరి శ్రీ సత్యసాయికి వెళ్ళాయి. పాత లేబుళ్ళు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

క్వాడ్రాట్లు, అంటే నేల మీద కొలత ప్రకారం గీసిన చదరపు గడులు వేసి మొక్కలు లెక్కపెట్టడం వేరే ప్రశ్నకు జవాబు: ఏముంది అన్నదానికి కాదు, ఎంత ఉంది అన్నదానికి. పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరులో ఊరివాళ్ళు పిలిచే పేర్లు, వాడకాలు బాగా దొరుకుతాయి. శాస్త్రీయ నామానికి మాత్రం దాన్ని ఆధారంగా పెట్టుకోకండి.

పని మొదలుపెట్టేవాళ్ళు గడ్డి, తుంగ, పప్పు కుటుంబపు చిన్న మొక్కలను షీటుకు, మిగతావి ఫొటోకు వదిలేస్తే ఒక సీజన్‌లో చెప్పుకోదగ్గ జాబితా వస్తుంది. ప్రతి షీటుకు తీసిన ఫొటో ఫైలు పేరుగా ఆ షీటు నంబరే పెట్టండి. ఒకసారి వాడిన నంబరు మళ్ళీ వాడొద్దు. మొక్క సమృద్ధిగా ఉంటే మూడు కాపీలు నొక్కండి. ఒకటి మీకు, ఒకటి అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ హెర్బేరియానికి (ఎండిన మొక్కల షీట్లు భద్రపరిచే చోటు), ఇంకొకటి హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రానికి. పంపే ముందు తీసుకుంటారో లేదో అడగండి. లేబుల్ లేని షీటు వాళ్ళకు అక్కర్లేదు.