డైపర్ మాన్పించే డేకేర్: కొండాపూర్ నుంచి ఒక సమీక్ష

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు దగ్గరలోనే ఉన్న ఒక డేకేర్‌లో, రెండేళ్లు నిండిన తరువాత మా అమ్మాయిని చేర్పించాము. ఆటపాటలు, భోజనం అన్నీ సవ్యంగానే ఉన్నాయి కనుక వాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు ఎక్కువగా ఆరా తీసేది అక్కడి టాయిలెట్ శిక్షణ గురించే కాబట్టి ఈ సమీక్షను దానికే పరిమితం చేస్తున్నాను. ఒక ఫిర్యాదు కూడా ఉన్నందువల్ల పేరు రాయడం లేదు.

చేర్పించిన రోజున నిర్వాహకురాలు వేసిన ప్రశ్నలు నాకు నచ్చాయి. డైపర్ రెండు గంటలపాటైనా పొడిగా ఉంటోందా, తడిస్తే చిరాకు పడుతోందా, నిక్కరు తానే కిందికి లాక్కోగలదా, విరేచనం వచ్చే ముందు ఏ మూలకో వెళ్లి నిలబడుతోందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. పిల్లల వైద్యులు గమనించమనేది కూడా వీటినే. చాలామందిలో ఈ సూచనలు 18 నుంచి 24 నెలల మధ్య మొదలవుతాయని, ఇంకొంత ఆలస్యమైనా కంగారు పడనక్కరలేదని వారు చెబుతారు. బిడ్డ సిద్ధమయ్యాకే మొదలుపెట్టాలనే ఈ పద్ధతికి అమెరికా వైద్యుడు బ్రేజెల్టన్ 1962లో ప్రచురించిన వ్యాసంతో ప్రాచుర్యం వచ్చింది. మా అత్తగారికి మాత్రం ఇదంతా వింతగా తోచింది. కాళ్లు చాపుకుని, పాదాల మీద పసిబిడ్డను కూర్చోబెట్టుకుని, ‘స్‌స్‌స్’ అంటే అయిపోయే పనికి ఇన్ని ప్రశ్నలా అన్నారు. ఆ పద్ధతి పనిచేయదని నేననను. కాని బిడ్డ కదలికలను పొద్దస్తమానం కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు దానికి కావాలి. పగలంతా మా ఇంటికి తాళమే ఉంటుంది.

ఈ డేకేర్‌కు అసలు బలం దాని టాయిలెట్ గది. కమోడ్లు పిల్లల ఎత్తుకే ఉన్నాయి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతాయి. కాళ్లు గాలిలో వేలాడితే పడిపోతానన్న భయంతో బిడ్డ ఒళ్లు బిగబట్టుకుంటుంది, అప్పుడు విరేచనం సాఫీగా కాదు. జెట్ స్ప్రే తాకిడికి ఉలిక్కిపడిన పిల్లలు మళ్లీ కూర్చోవడానికే మొరాయిస్తారు కనుక, కడగడానికి మగ్గే వాడుతున్నారు. ఒక సాయంత్రం ముందుగా వెళ్లినప్పుడు ఆయమ్మ పనితీరును చూశాను. మా అమ్మాయి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంటే, ఆవిడ తొందరపెట్టకుండా ఎదురుగా గొంతుక్కూర్చుని, పక్కనున్న కుళాయిని సన్నటి ధార పడేలా తిప్పి, తన మానాన తాను ఇంకో పిల్లవాడి నిక్కరు సరిచేయసాగింది. కాసేపటికి పని అయింది. చప్పట్లూ లేవు, చాక్లెట్టూ లేదు. ‘చేతులు కడుక్కుందాం రా బంగారం’ అంది, అంతే.

రాగానే, చిరుతిండి తరువాత, భోజనం తరువాత, నిద్ర లేవగానే కూర్చోబెట్టడం వారి క్రమం. కడుపు నిండగానే పేగుల్లో కదలిక పెరుగుతుంది కాబట్టి భోజనానంతర సమయం అన్నిటికన్నా అనుకూలమైనది. ఇంట్లోనూ ఇదే పాటించమన్నారు. మా పెద్ద కమోడ్ మీద చిన్న సీటు వేసి, కాళ్ల కింద పూజగదిలోని పీట పెట్టాము (అత్తగారికి మరో పీట కొనిచ్చాము). లెగ్గింగ్స్, డంగరీలు వద్దని, వదులు ఎలాస్టిక్ నిక్కర్లు నాలుగు జతలు పంపమని కూడా చెప్పారు. తడిసిన బట్టలను జాడించకుండానే కవరులో కట్టి పంపడం మాత్రం బాగాలేదు.

మధ్యాహ్నం నిద్రలో డైపర్ వేస్తారు. నిద్రలో అదుపు పగటి అదుపు కన్నా ఆలస్యంగా వస్తుంది కాబట్టి దీన్ని తప్పుపట్టలేను. నా అసలు ఫిర్యాదు వేరు. ఎండాకాలంలో బోరు ఎండి, ట్యాంకర్లు ఆలస్యమైన రోజుల్లో, మాకు మాటమాత్రమైనా చెప్పకుండా పిల్లలందరికీ డైపర్లు తొడిగి సాయంత్రం దాకా ఉంచేశారు. ఈ ప్రాంతంలో నీటి ఎద్దడి ఎవరికీ కొత్త కాదు, చెప్పకపోవడమే తప్పు. ఆ తరువాత మా అమ్మాయి ఇంట్లోనూ డైపర్ కోసం పేచీ పెట్టి, విరేచనం ఆపుకోవడం మొదలుపెట్టింది. ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి పెడుతుంది, ఆ నొప్పికి జడిసి బిడ్డ మరింత ఆపుకుంటుంది. పాలు తగ్గించి నీళ్లు, బొప్పాయి పెంచమని, విరేచనం మెత్తబడేవరకు బలవంతంగా కూర్చోబెట్టవద్దని డాక్టరు గారు చెప్పారు. మేము గట్టిగా అడిగిన మీదట, నీళ్లు లేని రోజున ఉదయమే మెసేజ్ పెట్టడం మొదలైంది.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే కేంద్రం) సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది. ఆఫీసు ఆవరణలోనే అటువంటి ఏర్పాటు ఉన్నవారు శిక్షణ సాగుతున్న రోజుల్లో దాన్ని వాడుకోవడం మేలు. మాలాగా బయటి డేకేర్‌ను ఆశ్రయించేవారు ఆటగదిని చూసి తిరిగి రాకుండా టాయిలెట్ గదిని చూపించమనాలి. ఒక్కో ఆయమ్మ చేతికింద ఎందరు పిల్లలున్నారో, ట్యాంకరు రాని రోజున ఏం చేస్తారో కూడా ఫీజు కట్టక ముందే అడగాలి.