ఏది మేలు: యాక్షన్ సినిమా పార్ట్ 2నా, యానిమేషన్ సిరీసా?

నల్లగొండలో మా ఇంట్లో ప్రతి ఆదివారం అన్నాలు తిన్నాక వచ్చే ప్రశ్న ఇది. నాకు ఫైట్ సినిమాలంటే ప్రాణమని తెలిసిన స్నేహితులు కూడా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. హైస్కూల్ పిల్లలున్నవాళ్ళు మరీ ఎక్కువ. "వాడు కార్టూన్ అంటాడు, నేను సినిమా అంటాను, ఏది పెట్టమంటావు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే మేలనిపించింది.

నా జవాబు మా అక్క కొడుకు అన్న ఒక మాట దగ్గర మొదలవుతుంది. పోయిన ఎండాకాలం సెలవులకు మిర్యాలగూడ నుంచి వచ్చాడు. ఇద్దరం ఒక యాక్షన్ సినిమా మూడో భాగం చూస్తున్నాం. హీరో తొడలో బుల్లెట్ దిగింది. చొక్కా చింపి కట్టు కట్టుకున్నాడు. పది నిమిషాలు తిరక్కుండా ఒక మేడ మీద నుంచి ఇంకో మేడ మీదకు దూకుతున్నాడు. మావాడు నావైపు తిరిగి, "మామా, కాలికి బుల్లెట్ తగిలింది గద, గిట్లెట్ల ఉరుకుతుండు?" అన్నాడు. సినిమా కదరా అనబోయి ఆగిపోయాను. వాడు అడిగింది సరైన ప్రశ్న. అప్పటి నుంచి ఏది చూసినా నేను కూడా అదే చూస్తున్నాను: తగిలిన దెబ్బ కథకు గుర్తుందా, లేదా?

దెబ్బంటే ఒంటి మీద గాయం ఒక్కటే కాదు. అవమానం, అయినవాళ్ళను పోగొట్టుకోవడం, నమ్మినవాడి చేతిలో మోసపోవడం, అన్నీ దెబ్బలే. రెండో భాగం తీసే హక్కు ఆ దెబ్బను మరిచిపోని కథకే ఉంటుందని నా నమ్మకం.

ముందు సినిమాల సంగతి. ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న సీక్వెల్ నా దృష్టిలో టెర్మినేటర్ 2. 1984లో వచ్చిన మొదటి భాగంలో శారా కానర్ అనే మామూలు అమ్మాయిని చంపడానికి ఒక యంత్రమనిషి వస్తాడు. ఏడేళ్ళకు, 1991లో రెండో భాగం వచ్చింది. అదే ముఖంతో ఇంకో యంత్రం, ఈసారి ఆమె కొడుకును కాపాడటానికి. ఆ సంగతి మనకు తెలుసు, ఆమెకు తెలియదు. మానసిక ఆసుపత్రి నుంచి తప్పించుకుని పరుగెత్తుతుంటే ఎదురుగా లిఫ్ట్ తలుపులు తెరుచుకుంటాయి. ఆ ముఖం కనబడగానే ఆమె కాళ్ళు జారి కింద పడుతుంది. నేల మీదే వెనక్కి పాకుతుంది. లేచి, ఏ గదుల నుంచి పారిపోయి వచ్చిందో మళ్ళీ అటే ఉరుకుతుంది. అంతకుముందే ఆమె మంచం చట్రానికి వేలాడి పుల్ అప్స్ తీయడం చూశాం. అంత రాటుదేలిన మనిషి చిన్నపిల్లలా వణికిపోతుంది. ఒక్క డైలాగ్ లేకుండా మొదటి సినిమా మొత్తం ఆమె ఒంట్లో ఇంకా ఉందని తెలిసిపోతుంది. సీక్వెల్ అంటే నాకు అదీ.

జాన్ విక్ అనే హాలీవుడ్ ఫైట్ సినిమాల వరస కూడా ఈ పరీక్షలో పాసే. మూడో భాగంలో తెగిన హీరో ఉంగరం వేలు నాలుగో భాగంలోనూ ఉండదు. మన దగ్గర చూస్తే, పుష్ప 2లో అందరూ జాతర ఫైట్ గురించి మాట్లాడారు. నన్ను పట్టుకున్నది ఇంటిపేరు. 2021 డిసెంబర్‌లో వచ్చిన మొదటి భాగంలో ఇంటిపేరు లేదని పెళ్ళి మాటల దగ్గర పడిన అవమానం, 2024 డిసెంబర్‌లో వచ్చిన రెండో భాగం చివర్లో పుష్ప సవతి అన్న నోటితో తీరుతుంది. మూడేళ్ళ పాటు ఆ బాకీ అలాగే ఉంది. 3 గంటల 20 నిమిషాల సినిమాలో నా కళ్ళు తడిసింది అక్కడొక్కచోటే.

కానీ ఇలాంటివి తక్కువ. చాలా సీక్వెల్స్‌లో పెరిగేది సరుకు మాత్రమే. అప్పుడు పదిమంది రౌడీలు, ఇప్పుడు వందమంది. అప్పుడు జీపు, ఇప్పుడు హెలికాప్టర్. మధ్యలో గడిచిన ఏళ్ళలో దర్శకుడు మరిచిపోతాడు, మనమూ మరిచిపోతాం. మొదటి పావుగంట పాత కథ గుర్తుచేయడానికే సరిపోతుంది.

యానిమేషన్ సిరీస్ గెలిచేది సరిగ్గా ఇక్కడ. అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ అనే అమెరికన్ సిరీస్ తీసుకోండి (నీలం మనుషుల సినిమా కాదు, అది వేరు). 2005 నుంచి 2008 దాకా వచ్చింది, మూడు సీజన్లు, మొత్తం 61 ఎపిసోడ్లు. అందులో జుకో అనే యువరాజుకు ఎడమ కంటి చుట్టూ కాలిన మచ్చ ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లో చూసి విలన్ గుర్తు అనుకుంటాం. పన్నెండో ఎపిసోడ్‌లో అసలు సంగతి తెలుస్తుంది: సైనికులను బలిపెట్టే పథకం తప్పని సభలో నోరెత్తినందుకు కన్నతండ్రే కాల్చాడు. అప్పటిదాకా వాడి మీదున్న కోపం ఏమవుతుందో మీరే చూడండి. చివరి ఎపిసోడ్ దాకా ఆ మచ్చ పోదు. ప్రతి ఫైట్‌లోనూ అది వాడి ముఖం మీదే ఉంటుంది.

వాడి పెదనాన్న ఐరోది ఇంకా గొప్ప కథ. రెండో సీజన్ పదిహేనో ఎపిసోడ్‌లో ఆయనకిచ్చింది నాలుగైదు నిమిషాలు. బజారులో తిరుగుతూ ఏడుస్తున్న పిల్లవాణ్ని పాట పాడి నవ్విస్తాడు. కత్తి చూపించిన దొంగకు ముందు సరిగ్గా నిలబడటం నేర్పి, తర్వాత కూర్చోబెట్టి టీ పోస్తాడు. పొద్దుగూకే వేళ గుట్ట ఎక్కి, చెట్టు కింద చనిపోయిన కొడుకు బొమ్మ పెట్టి, పొద్దున పాడిన పాటే మళ్ళీ పాడతాడు. మధ్యలో గొంతు పూడుకుపోతుంది. ఒకప్పుడు తానే సైన్యంతో ముట్టడించిన నగరం అది. ఆ ముట్టడిలోనే కొడుకు పోయాడు. ఇప్పుడు అదే ఊళ్ళో కాందిశీకుడిగా బతుకుతున్నాడు. కొడుకు చావును తెర మీద చూపించనే లేదు, అవసరం పడలేదు. "ఇంత పెద్దోడివి, ఇంకా బొమ్మల సినిమాలేనా?" అన్న మా అమ్మ ఆ కాసేపూ పక్కన నిలబడి చూసింది. మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇంత ఓపిక సినిమాకు దొరకదు. ఆర్కేన్ అనే ఇంకో యానిమేషన్ సిరీస్‌లోనూ అంతే: మూడో ఎపిసోడ్‌లో ఒక చిన్నపిల్ల సొంతవాళ్ళను కాపాడబోయి తెలియక చేసిన ఘోరం మిగతా కథనంతా నడిపిస్తుంది.

అయితే యానిమేషన్ అయినంత మాత్రాన ఈ గుణం రాదు. బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్ 2024లో 9 ఎపిసోడ్లుగా వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, యుద్ధాలు బాగున్నాయి. కాని కథ సినిమాకు ముందు జరిగేది. బాహుబలి, భల్లాలదేవ ఇద్దరూ బతుకుతారని మనకు ముందే తెలుసు. ఎంత పెద్ద కత్తి ఎత్తినా టెన్షన్ రాదు.

సినిమాదే పైచేయి అయ్యే చోటు కూడా ఒకటుంది, అది ఒప్పుకోవాలి. తెర మీద ఉన్నది నిజం మనిషి ఒళ్ళు. మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్ షూటింగ్‌లో ఒక భవనం మీద నుంచి ఇంకో భవనానికి దూకి టామ్ క్రూజ్ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ షాట్‌నే సినిమాలో ఉంచారు. గోడకు తగిలిన కాలు చూస్తే మన కాలు లాగుతుంది. ఎంత బాగా గీసినా బొమ్మకు ఆ నొప్పి రాదు. పైగా థియేటర్ సంగతి వేరు. 2017లో బాహుబలి 2 ఇంటర్వెల్ దగ్గర మా హాల్లో లేచిన కేకలు ఫోన్‌లో ఏ సిరీస్ చూసినా రావు.

చిన్నపిల్లల కార్టూన్ల సంగతి వేరు, వాటిలో ప్రతి ఎపిసోడ్ కొత్తగా మొదలవుతుంది, నిన్నటి దెబ్బ గుర్తుండదు. వాటిని ఏడేళ్ళ లోపు వాళ్ళకు పెట్టండి.

మొత్తానికి, అందరూ కలిసి బయటికి వెళ్ళే రోజైతే పార్ట్ 2కే వెళ్ళండి, మొదటి భాగం ముందు రోజు రాత్రి ఇంకోసారి చూసి. ఇంట్లో పిల్లలతో కూర్చునే రోజైతే నా ఓటు సిరీస్‌కే. రోజుకు రెండు ఎపిసోడ్లు మించొద్దు. వరసబెట్టి ఆరేడు చూస్తే నిన్నటి దెబ్బ మనసులో దిగదు.

మొన్న దసరా సెలవులకు మావాడు మళ్ళీ వచ్చాడు. జుకో ఒంటరిగా తిరిగే ఎపిసోడ్ పెట్టాను. ఒక పల్లెటూరి పిల్లవాణ్ని కాపాడి, తన అసలు పేరు, తాను శత్రుదేశపు యువరాజునన్న సంగతి చెప్పేసరికి ఊరంతా మొహం తిప్పుకుంటుంది. కానుకగా ఇవ్వబోయిన చిన్న కత్తిని కూడా ఆ పిల్లవాడు తీసుకోడు. అయిపోయాక మావాడు కాసేపు మాట్లాడలేదు. "వానికి నిజం చెప్పకుంటే అయిపోవు గద మామా" అన్నాడు. ఇంకో ఎపిసోడ్ పెట్టనా అంటే, "వద్దు, రేపు చూద్దాం" అన్నాడు.