కోనసీమకు వేసవిలో ఎప్పుడు రావాలి: చైత్రంలోనా, మే నెలలోనా, ఏరువాకకా?

వేసవిలో కోనసీమ చూడాలని అడిగే చుట్టాలు దాదాపు అందరూ మే నెల పేరే చెబుతారు. పిల్లలకు సెలవులు, పైగా మామిడిపళ్ళ రోజులు, ఇంకేం కావాలండీ అంటారు. వాళ్ళకు నేను తిరిగి వేసే ప్రశ్న ఒకటే: మీరు వచ్చేది పళ్ళ కోసమా, నీళ్ళ కోసమా? మా దగ్గర ఆ రెండూ ఒకే నెలలో నిండుగా దొరకవు.

కారణం ధవళేశ్వరంలో ఉంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య సముద్రం దాకా పరుచుకున్న ఈ లంకసీమకు సాగునీరు అక్కడి బ్యారేజీ నుంచి కాలువల మీదుగా వస్తుంది. దాళ్వా వరి, అంటే రబీ పంట, చేతికొచ్చాక, ఏప్రిల్ నడుమ అటూ ఇటూగా, కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, లాకుల తలుపులకు మరమ్మతులు, అన్నీ ఆ వ్యవధిలోనే కానివ్వాలి. జూన్ మొదట్లో సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, మళ్ళీ నీరు వదులుతారు. అందుకే ఒకే ఎండాకాలంలో మా ఊళ్ళు మూడు రకాలుగా కనిపిస్తాయి.

నా ఓటు చైత్రానికే. ఉగాది దాటి వారం తిరగ్గానే శ్రీరామనవమి. వీధి వీధికీ తాటాకు పందిరి, పానకం, వడపప్పు. ఆ రెండు రోజుల తర్వాత, చైత్ర శుద్ధ ఏకాదశికి, వాడపల్లి వెంకన్న కల్యాణం, రథోత్సవం. ఏడు శనివారాలు మొక్కుకుని తిరిగే భక్తులతో గౌతమి ఒడ్డున ఉన్న ఆ గుడి ఇప్పుడు ఏడాది పొడవునా కిక్కిరిసే ఉంటోంది గానీ, తీర్థం సందడి వేరు. ఆ రథానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1931లో ఇదే ఉత్సవంలో రథం మీద గాంధీగారి పటం పెట్టారని గొడవ రేగి, పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. తీర్థానికి వెళ్ళే పిల్లలకు జీళ్ళు, ఖర్జూరాలు కొనిపెట్టడంతో పాటు ఈ సంగతి కూడా చెప్పాలని నా కోరిక. మన పక్క ఊళ్ళో జరిగిన స్వాతంత్ర్య పోరాటం మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

వాడపల్లి వచ్చినవాళ్ళు లొల్ల లాకులు చూడకుండా వెళ్ళకండి. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీరు అక్కడ చీలి, ఏ కాలువ దారి ఆ కాలువ పడుతుంది. తలుపుల కింద నుంచి నురగలు కక్కుతూ దూకే నీటి పక్కన, చెట్ల నీడన నిలబడితే ఏప్రిల్ ఎండ గుర్తు రాదు. అక్కడి నుంచి ర్యాలి గుడి దగ్గరే. ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక జగన్మోహిని. ఆ వెనక వైపు జడ ముడి చెక్కిన తీరు చూడటానికైనా వెళ్ళాలి. దారి పొడవునా దాళ్వా చేలు పండి బంగారు రంగులో ఉంటాయి. కొన్నిచోట్ల కోతలు కూడా మొదలై ఉంటాయి.

చైత్రానికి లోటు ఒకటే, పండు. మామిడికాయే గానీ పండు ఇంకా రాదు. అయితే పచ్చికాయకూ ఓ వైభవం ఉంది. మామిడికాయ పప్పు, పనసపొట్టు ఆవపెట్టిన కూర, అప్పుడప్పుడే దిగుతున్న లేత తాటిముంజలు. ఆ భోజనం తిన్నవాళ్ళు పళ్ళు లేవని బాధపడరు.

ఇక మే నెల. ఇది నోటికి పండగ, కాళ్ళకు శిక్ష. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు, బంగినపల్లి, సువర్ణరేఖ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. ఆవకాయకు కొత్తపల్లి కొబ్బరి కాయ కోసం ఇంటింటా వెతుకులాట. పెరట్లో పనసపండు కోస్తే వీధి చివరికి వాసన. వీటన్నిటికంటే, మే నెలకే సొంతమైనది ఒకటుంది: ఆత్రేయపురం మామిడితాండ్ర. పూతరేకులు ఏ నెలలో వెళ్ళినా దొరుకుతాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాండ్ర అలా కాదు. మామిడి గుజ్జులో తీపి కలిపి చాపల మీద పలచగా పూయాలి, అది ఎండాలి, దాని మీద మరో పొర, అదీ ఎండాలి. మనం తిట్టుకునే ఎండే ఆ పని చేసేవాళ్ళకు పెట్టుబడి. మబ్బు పట్టిందంటే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. చేసేచోట నిలబడి, ఆ శ్రమ చూసి, అక్కడే కొనుక్కోండి.

కానీ కాలువల కోసం మేలో వస్తే నిరాశే. లొల్ల లాకుల దగ్గర అడుగు బురద కనిపిస్తుంది, కోసేసిన చేలు బీటలు వారి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఉన్నదే, పైగా మా దగ్గర సముద్రం దాపున ఉక్కపోత తోడు. మే 15న కాటన్ దొర జయంతి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన ఆ మనిషి విగ్రహాలకు ఊరూరా దండలు వేస్తారు, సరిగ్గా కాలువలు ఎండి ఉన్న రోజుల్లో. ధవళేశ్వరంలో ఆయన పేరిట ఉన్న మ్యూజియం మే మధ్యాహ్నానికి మంచి చోటు. 1832-33 నాటి నందన కరువు తర్వాత ఈ నేలను అన్నం పెట్టే నేలగా మార్చిన లెక్కలూ నమూనాలూ పెద్ద తరగతుల పిల్లలకు బాగా అర్థమవుతాయి.

మేలో వచ్చేవాళ్ళు తెల్లవారి, సాయంత్రం తిరగండి, నడిమధ్యాహ్నం ఇంట్లో ఉండండి. సాయంత్రానికి సముద్రం వైపు పోవడం మేలు. ఓడలరేవు, అంతర్వేది రెండిట్లో నేను అంతర్వేదినే ఎంచుకుంటాను. నరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో కాబట్టి వేసవిలో ఆ జాతర రద్దీ ఉండదు. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర, రెండు నీళ్ళ రంగులు విడివిడిగా కనిపిస్తాయి. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు పంటు అనే పెద్ద పడవ మీద సఖినేటిపల్లి రేవుకు దాటితే ఆ ప్రయాణమే ఒక విహారం. దిండిలో హౌస్‌బోటు బాగానే ఉంటుంది, ఖర్చు భరించగలిగితే. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో చెక్కదారి మీద నడవడానికి నీడ ఉంటుంది, దోమలూ ఉంటాయి.

మూడోది, ఎవరికీ తట్టనిది, జూన్ మొదటి రోజులు. బడులు ఇంకా తెరవరు, కాలువలకు కొత్తనీరు వస్తుంది. ఎండిన కాలువలోకి ఎర్రగా తొలినీరు జారుకుంటూ వస్తుంటే గట్టు మీద జనం నిలబడి చూస్తారు. ఆఖరు కోత మామిడి ఇంకా ఉంటుంది, తొలకరి చినుకు పడితే మాత్రం కాయలో పురుగు చూసుకుని తినాలి. దుక్కి మొదలుపెట్టే పండగ ఏరువాక జ్యేష్ఠ పున్నమికి, కొన్ని ఏళ్ళు అది జూన్ చివర్లో పడుతుంది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల అలంకరణ తగ్గిపోయింది, అయినా నారుమళ్ళ పనులు మొదలయ్యే రోజులు కనుక ఊళ్ళో ఆ హుషారు తెలుస్తుంది. పులస మాత్రం అడగకండి, అది వరద గోదావరి చేప.

కాబట్టి పెద్దవాళ్ళతో, గుళ్ళ కోసం వచ్చేవాళ్ళు నవమికి వచ్చి ఏకాదశి చూసుకుని వెళ్ళండి. అధికమాసం వచ్చిన మరుసటి ఏడాది ఏకాదశి ఏప్రిల్‌లో బాగా ఆలస్యంగా రావచ్చు, అప్పటికి కాలువలు కట్టేశారేమో ఇక్కడివాళ్ళను అడగండి. బడి పిల్లలున్నవాళ్ళకు నేను మే కంటే జూన్ మొదటి వారమే చెబుతాను. మామిడితాండ్ర చూడాలన్న పట్టుదల ఉంటే తప్ప మే వద్దు.

ఏ నెలలో వచ్చినా సరే, తెలియని రేవులో పిల్లల్ని గోదాట్లోకి దింపకండి. వేసవిలో మోకాలి లోతున కనిపించే నీటి పక్కనే ఇసుక తవ్విన గోతులుంటాయి. ఏటా ఎండాకాలం సెలవుల్లో స్నానానికి దిగి తిరిగిరాని పిల్లల కబురు వినాల్సి వస్తోంది. ఆ ఊరివాళ్ళు ఎక్కడ దిగుతారో అడిగి, వాళ్ళు చూపించిన మెట్ల దగ్గరే దిగండి.