ర్యాంపు ఎక్కేదాకా ఏఎంటీ బాగానే ఉంది

సాయంత్రం ఆరింటికి విశాఖ మద్దిలపాలెం జంక్షన్లో ఇరుక్కున్నవాళ్లకి క్లచ్ పెడల్ లేని కారు విలువ చెప్పక్కర్లేదు. నేను నేర్చుకున్నది డ్రైవింగ్ స్కూల్ మాన్యువల్ కారు మీద, కొన్నది ఏఎంటీ, అంటే క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు తనే మార్చుకునే ఒక రకం ఆటోమేటిక్. కొన్నేళ్లుగా ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక ఆఫీసుకి దాన్లోనే తిరుగుతున్నాను. బ్రేక్ మీంచి కాలు తీస్తే చాలు, బండి తనంతట తానే మెల్లగా కదులుతుంది. గేరు మారేటప్పుడు ఒక కుదుపు ఉంటుంది, అలవాటైపోయింది. ఈ సుఖం చూసి కనిపించినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పేదాన్ని. ఇప్పుడూ చెబుతాను, చదును రోడ్డు మీద తిరిగేవాళ్లకి.

ఆదివారం రాత్రి ఒక మాల్ సెల్లార్ నుంచి పైకి వస్తున్నాం. ర్యాంపు మధ్యలో వరుస ఆగిపోయింది, పైన ఎవరో పార్కింగ్ టికెట్ కోసం జేబులు వెతుక్కుంటున్నారు. నా వెనక కొత్త కారు, బానెట్ మీద పూజ పసుపు ఇంకా ఆరలేదు, దాదాపు ఆనించేసి నిలబెట్టాడు. ముందు బండి కదిలింది. నేను బ్రేక్ వదిలి యాక్సిలరేటర్ మీదికి కాలు మార్చేలోపే కారు వెనక్కి జారింది. పక్కనున్న అత్తయ్య ఆంజనేయస్వామిని పిలిచేశారు.

ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సూ మామూలు క్లచ్చే. మన ఎడమకాలి పని ఒక యాక్చువేటర్, అంటే క్లచ్‌ని కదిపే పరికరం, చేస్తుంది, అంతే. బ్రేక్ తొక్కి ఆగినప్పుడు అది క్లచ్‌ని విడదీసి పెడుతుంది, వదిలాక మళ్లీ కలపడానికి కాస్త టైము పడుతుంది. వాలు మీద బ్రేక్ వదిలాక కూడా బండిని కాసేపు జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ నా మోడల్‌లో లేదు. చాలామంది యాక్సిలరేటర్‌తోనే బండిని వాలు మీద ఆపుతుంటారు, దాంతో క్లచ్ వేడెక్కి అరిగిపోతుంది.

ఆ రాత్రి గట్టెక్కించింది మాన్యువల్ చదువే. హ్యాండ్‌బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, బండి ముక్కు లేస్తున్నట్టు అనిపించాక వదలమ్మా అని మా మాస్టారు ఎండలో నిలబెట్టి నేర్పారు. అలాగే చేశాను, ఎక్కేసింది. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులో ఉంచి, ఇంజన్ పట్టుతో దిగడం కూడా ఆ పాఠమే. బండి వెనక్కి జారడం గురించి సర్వీసు సెంటర్లో అడిగితే మాత్రం, "అన్ని ఏఎంటీలూ ఇంతే మేడమ్" అన్నారు.

బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద టెస్టు పాసైతే మాన్యువల్ నడపనివ్వరు. మన ఎల్ఎంవీ (కార్ల లాంటి తేలికపాటి వాహనాల) లైసెన్సుతో రెండూ నడపొచ్చు, అందుకే నేర్చుకునేటప్పుడు క్లచ్ ఎందుకులే అనిపిస్తుంది. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో ఉంటే కొన్ని వారాలైనా మాన్యువల్ పట్టుకోండి అంటాను. నాకు మోకాలి నొప్పి ఉంది కాబట్టి మళ్లీ కొన్నా ఆటోమేటిక్కే, కాకపోతే హిల్ హోల్డ్ ఉన్నదే చూస్తాను. డబ్బు కుదిరితే టార్క్ కన్వర్టర్, అంటే ఇలాంటి క్లచ్ బదులు ద్రవంతో శక్తిని అందించే ఆటోమేటిక్. ఈఎంఐ తీరేదాకా ఇదే బండి, అత్తయ్య ఉన్న రోజు మాల్ బయటే పార్కింగ్.